గోళ్ళరంగు బిగింపు

పిండిమర దగ్గర ఆ మాట చెవిన పడ్డ రోజు నుంచి ఆమె పిండి పట్టించుకోవడానికి దూరమైనా సరే, ఇంకో మరకి వెళ్తోంది. మరవాడు తిట్టిందేమీ లేదు. సంచి మూతి కట్టి పక్కన పెట్టిన పనివాణ్ని చూసి, "గట్టిగా కట్టావా, గోళ్ళరంగు బిగింపా?" అన్నాడు, అంతే. పనివాడు నవ్వాడు. వరుసలో నిలబడ్డ ఇద్దరు ముగ్గురు నవ్వారు. పైకి సోకు, లోపల డొల్ల అని ఆ మాటకి అర్థం. అది ఎక్కడ పుట్టిందో నవ్వినవాళ్ళలో సగం మందికి తెలియదు. తెలిసిన మరవాడు మాత్రం ఆమెను చూడగానే నాలుక కరుచుకుని, తూకం రాళ్ళు వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు.

గోళ్ళరంగు ఆమెది. బిగింపు ఆమె భర్తది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. మాట మాత్రం పోలేదు సరికదా, రోజురోజుకీ బలుస్తోంది.

ఆయన్ని గోళ్ళరంగు మేస్త్రి అనేవారు. ఒకప్పుడు అది గౌరవమే. వయసులో ఉండగా తొమ్మిదేళ్ళు లారీ కింద బరువు మోసే ఉక్కు కమాన్ల కొలిమిలో పనిచేశాడు. ఎర్రగా కాలిన కమాను పట్టీని సుత్తితో కొట్టి వంపు తేవడం పని. ఆ చప్పుడికి ఎడమ చెవి పోయింది. పెళ్ళైన కొత్తలో ఆమె ఆయనకి ఎడమవైపు కూర్చుని పుట్టింటి సంగతులన్నీ గంటసేపు చెప్పుకుంటే, ఆయన తలాడిస్తూ కూర్చుని చివరికి, "ఏదో అన్నావా?" అన్నాడు. ఆనాటి నుంచి ఆమె కుడివైపే కూర్చుంది. ఇరవై ఆరేళ్ళు.

సొంతంగా షెడ్డు పెట్టుకున్నాక లారీలు వదిలేసి పికప్ బండ్ల కింది పని పట్టుకున్నాడు. బుష్షులు, బాల్ జాయింట్లు, షాకబ్సర్లు, కమాన్లు. ఇంజను జోలికి వెళ్ళేవాడు కాదు. "గుండె డాక్టర్లు ఊరినిండా ఉన్నారు. నేను కీళ్ళ డాక్టర్ని" అనేవాడు. ఎత్తు లేపించిన బండ్లంటే ఆయనకి ముద్దూ కోపమూ కలిసి ఉండేవి. బురద దారుల్లో తిరిగేవాళ్ళు బండిని జానెడు పైకి లేపించుకుంటారు. అలా లేపితే కీళ్ళన్నీ ఎప్పుడూ వంకరగానే పనిచేస్తాయి. "ఎత్తు మడమల చెప్పులేసుకుని తిరిగేవాళ్ళకి ముందు మోకాళ్ళు పోతాయి. దీనికీ అంతే. మామూలు బండికి ఐదేళ్ళొచ్చే బుష్షు దీనికి రెండేళ్ళకే చిరిగి చేతికొస్తుంది" అనేవాడు.

రంగు సంగతి ఆమె పెట్టిందే. పెళ్ళైన మొదటి ఏడాది ఆయన అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో ఉండగానే ఆగిపోయేవాడు. "ఆ వెనక బోల్టు బిగించానా?" అని గొణుక్కుని, ఎంగిలి చేత్తోనే లేచి షెడ్డుకి పరిగెత్తేవాడు. చూస్తే బిగించే ఉండేది. మర్నాడు మళ్ళీ అంతే. ఒకరోజు ఆమెకి ఒళ్ళు మండి, తన గోళ్ళరంగు సీసా తెచ్చి ఆయన చొక్కా జేబులో పడేసింది.

"బిగించిన ప్రతిదాని మీదా ఒక గీత పెట్టుకోండి. గీత ఉంటే బిగించినట్టు. నా వంట మధ్యలో మాత్రం లేవకండి."

ఆయన దాన్ని వేదంలా పట్టుకున్నాడు. నట్టు మీదుగా బోల్టు కొస దాకా ఒకే గీత, కత్తితో కోసినట్టు. నట్టు ఒక్క వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనబడుతుంది. పక్క షెడ్లవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత చూసి వెళ్ళి తమ బోల్టులకీ పెట్టుకున్నారు. ఆమె నెలకో సీసా కొనేది. కొట్లో అమ్మాయి, "నెలకో సీసానా అక్కా! నీకెన్ని వేళ్ళేంటి?" అంటే, "మా ఇంట్లో బోల్టులకి కూడా గోళ్ళున్నాయిలేమ్మా" అనేది. ఆమె జీవితంలో నలుగురు మెచ్చుకున్న తెలివి అదొక్కటే. చదువులేని మనిషి చెప్పిన మాట ఇన్ని బండ్ల కింద రాసి ఉందని లోలోపల మురిసిపోయేది.

ఆ గీతకి ఒక కట్టుబాటు ఉండేది. బుష్షంటే ఇనుప గొట్టంలో రబ్బరు. చక్రం గాల్లో వేలాడుతుండగా దాని బోల్టు బిగిస్తే, బండి నేల మీదికి దించగానే ఆ రబ్బరు పిండిన తడిబట్టలా మెలి తిరుగుతుంది. అది ఎన్నాళ్ళో బతకదు. అందుకని గాల్లో ఉన్నంతసేపూ బోల్టుని చేతి బిగువుతో వదిలేయాలి. బండిని దించి, దాని బరువు దాని కాళ్ళ మీద పడ్డాక, అప్పుడు కిందికి దూరి, బిగువు సరిపోగానే టక్కుమనే పొడుగు పానాతో బిగించాలి. టక్కుమన్నాకే గీత. గాల్లో ఉండగా సీసా మూత కూడా తియ్యకూడదు. ఇది షెడ్డులో మొదటి పాఠం. ఆయన ఆ పాఠం చెప్పింది ఒక్కడికే, తమ్ముడికి.

ఆ తమ్ముడు ఆమె కాపురానికి వచ్చేనాటికి మూడో తరగతి. తల్లి లేని పిల్లవాడు. ఆమె వాడికి తల దువ్వింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, వాడి ప్రేమ సంగతి అన్నకి చెప్పి ఒప్పించి పెళ్ళి కూడా చేయించింది. ఆమెకి పిల్లలు కలగలేదు. ఎవరైనా జాలి పడబోతే, "నా పెద్దకొడుకు బండి కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు కనబడట్లేదూ?" అనేది.

రెండేళ్ళ కిందట, మొక్కలు పెంచి అమ్మే తోట ఆయన ఎత్తు బండి షెడ్డుకి వచ్చింది. నిచ్చెన వేసుకుని ఎక్కాలన్నంత ఎత్తు. ముందువైపు కీళ్ళన్నీ అరిగిపోయి, గతుకులో పడితే పాత మంచంలా కిర్రుమనేది. రెండు వైపులా మొత్తం మార్చారు. ఎడమవైపు అన్న, కుడివైపు తమ్ముడు. పదకొండు రోజులకి, మొక్కల కుండీలు నింపుకుని వెళ్తుంటే కుడివైపు బోల్టు ఒకటి జారి ఊడిపోయింది. చక్రం లోపలికి ముడుచుకుని బండి కాలవలో పడింది. తోట ఆయన మోకాలు మూడు ముక్కలైంది.

మేస్త్రి ఆ కాలవలో మోకాటి లోతు బురదలో దిగి బోల్టు వెతికి తెచ్చాడు. దాని కొసన గోళ్ళరంగు ఉంది, వంకాయ తొక్క రంగు. అది ఆ రోజుల్లో ఆయన జేబులో ఉన్న సీసా రంగే. కుడివైపు పని తమ్ముడిదే అయినా, చివరికి చూసి రంగు పెట్టేది ఆయనేనని అందరి లెక్క. ఇక ఎవరూ వాదించడానికి లేకపోయింది. బిగించకుండానే రంగు పెట్టేశాడని అందరూ తేల్చేశారు. ఆయనే ముందు తేల్చాడు. ఆసుపత్రికి వెళ్ళి తోట ఆయన మంచం పక్కన నిలబడి, "నా చేతి తప్పే" అని చెప్పి వచ్చాడు. ఇంటికొచ్చి ఆ బోల్టు ఆమె గుండీలూ దారాలూ పెట్టుకునే డబ్బాలో పెట్టాడు. పానా మళ్ళీ ముట్టుకోలేదు. షెడ్డు తమ్ముడికి వదిలేసి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

ఆమె ఆయన కుడివైపు కూర్చుని అడిగేది. "ఎలా మర్చిపోయారండీ?" మొదట్లో జాలిగా, తర్వాత విసుగ్గా, ఆ తర్వాత ఏ పని చేస్తున్నా ఊతపదంలా. "బిగించకుండా గీత ఎలా పెట్టారు? నేనిచ్చిన గీత కదా అది!" ఆయన ఆమె మొహం చూసి, నేల చూసేవాడు. ఒకసారి మాత్రం, "రంగు ఉంది కదా, రంగు ఉంటే నాదే" అన్నాడు. ఏడాది అలా కూర్చుని, ఒక మధ్యాహ్నం కుర్చీలోనే ఒరిగిపోయాడు.

ఆమె అడగడం అప్పుడు మానేసింది. ఇల్లు ఎంత నిశ్శబ్దమైందంటే కుళాయి చుక్క పడితే ఎవరో పిలిచినట్టు లేచి వెళ్ళేది. మరిది భోజనం డబ్బా పట్టుకుని రోజూ మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళడం ఒక్కటే బయటి పని. తోడికోడలు చిన్నపిల్లతో ఉంది కదా అని వంట తనే నెత్తినేసుకుంది. ఇంటికీ షెడ్డుకీ మధ్య రెండు వీధులు, ఆ పిండిమర. మర ముందు నుంచి వెళ్ళేటప్పుడు మొహం అటు తిప్పుకునేది.

అలా వెళ్ళిన ఒకరోజు, షెడ్డులో ఆ ఎత్తు బండి ఉంది.

ముందు రెండు చక్రాలూ విప్పి, స్టాండ్ల మీద నిలబెట్టి ఉంది. కింద గోనెపట్టా మీద చిరిగిన బుష్షులు, నూనె కారుతున్న షాకబ్సర్లు వరసగా పెట్టి ఉన్నాయి. కుడివైపు పాత సామాను దిగిపోయింది, ఎడమవైపు ఇంకా ముట్టుకోలేదు. మరిది లేడు, బాల్ జాయింట్ కొలత తేడా వచ్చిందని మార్చుకు రావడానికి వెళ్ళాడు. తోట ఆయన గోడవార బల్ల మీద, చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేవబోయి, కాలు సహకరించక మళ్ళీ కూర్చున్నాడు.

"రామ్మా. నేనిక్కడికి మళ్ళీ వస్తానని అనుకోలేదు కదూ?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆ కాలవలో పడ్డాక కుడివైపు వేరేచోట చేయించాను. ఏడాదిన్నరకే నాశనం. ఎత్తు బండి అంటే ఎవడూ ముట్టుకోడు. నీ మరిది బాగా చేస్తాడని అందరూ అంటుంటే వచ్చాను. అన్నలా కాదమ్మా, తమ్ముడు జాగ్రత్తపరుడు." అనేశాక తను ఎవరితో అంటున్నాడో గుర్తొచ్చి, గొంతు సవరించుకున్నాడు. "పోయినవాణ్ని అనకూడదనుకో. కాలు సలిపినప్పుడల్లా నోరు జారుతుంది."

"ఫర్వాలేదండీ" అంది ఆమె. డబ్బా బల్ల మీద పెట్టింది.

తోట ఆయన ఆ మాట కడిగేసుకోవడానికి ఏదైనా మంచి చెప్పాలనుకున్నాడు కాబోలు. "ఎడమవైపు మాత్రం అప్పుడు మీ ఆయన చేసిందే. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గీతలు ఇంకా అలాగే ఉన్నాయట, పొద్దున నీ మరిది అన్నాడు. చూస్తావా?"

ఆయన చేతి గీత ఇంకెక్కడో మిగిలి ఉందంటే ఆమె కాళ్ళు ఆగలేదు. ఎడమ చక్రం లేని ఖాళీలో మోకాళ్ళ మీద కూర్చుని, గ్రీజు వాసనలోకి తల పెట్టింది. బురద పొరలు కట్టి ఎండిపోయి ఉంది. వేలితో గీకింది. ఒక నట్టు బయటపడింది. దాని మీద గీత, కత్తితో కోసినట్టు, నట్టు మీదుగా బోల్టు కొస దాకా. చెక్కుచెదరలేదు.

పండుమిరపకాయ రంగు.

రెండోది గీకింది. పండుమిరప. మూడోది, నాలుగోది. నాలుగూ అంతే.

ఆ రంగు ఆమెకి తెలుసు. అది పిన్ని కూతురి పెళ్ళికని కొని, మూత తియ్యకుండా దాచుకున్న సీసా. పెళ్ళి ఆ సాయంత్రం అనగా మధ్యాహ్నం మేస్త్రి భోజనానికి వచ్చి, "పాత సీసా జిగురైపోయింది, గీత సన్నగా రావట్లేదు. ఇంకోటియ్యి" అన్నాడు. ఇంకోటి అదొక్కటే. "మీ బోల్టులకి జరిగే ముస్తాబు నాకు జరగదు కదా!" అని సణుగుతూ ఇచ్చింది. పెళ్ళి ఫోటోల్లో ఆమె చేతులు బోడిగా ఉన్నాయి. ఆ రోజు షెడ్డులో ఉన్న బండి ఇదే. అంటే ఆయన ఈ బండికి పెట్టిన ప్రతి గీతా మధ్యాహ్నం తర్వాత, బండి దించాక, పండుమిరప రంగుతో పెట్టిందే.

మరి ఇంట్లో డబ్బాలో ఉన్న బోల్టు మీద వంకాయ రంగు ఎవరిది?

"ఏమ్మా, కళ్ళు తిరిగాయా?" అన్నాడు తోట ఆయన.

"ఇప్పుడే వస్తానండీ" అని ఆమె ఇంటికి నడిచింది. పరిగెత్తలేదు. గుండీల డబ్బా నేల మీద బోర్లించి, బోల్టు తీసుకుని, గుండీలు ఏరకుండానే తిరిగి వచ్చింది.

అప్పటికి మరిది వచ్చేశాడు. కొత్త బాల్ జాయింట్ అట్టపెట్టెలోంచి తీస్తూ, "వదినా, డబ్బా పెట్టి ఎక్కడికెళ్ళావు? ఇవాళ ఉప్పు వేశావా, నిన్నటిలా పథ్యం కూరేనా?" అని నవ్వాడు.

ఆమె బోల్టు ఆ అట్టపెట్టె మీద పెట్టింది.

"ఈ రంగు ఏ సీసాది?"

వాడు చూశాడు. ఎడమవైపు ఖాళీలో ఆమె గీకిన బురద కింద పడి ఉండటం చూశాడు. చిన్నప్పుడు పాలు ఒలకబోసి గోడ పక్కన నిలబడ్డప్పుడు ఎలా నిలబడేవాడో అలా నిలబడ్డాడు.

"వదినా..."

"పాతసీసాదే కదా. జిగురైపోయి షెడ్డులో పడి ఉన్నది. మీ అన్నయ్య కొత్తది తేవడానికి ఇంటికొచ్చి వెళ్ళేలోపు నువ్వు పెట్టావు. బండి గాల్లో ఉండగా."

వాడు గోడవార బల్ల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మళ్ళీ కిందికి దూరి రంగు పెట్టే పని లేకుండా ముందే పెట్టేశాను. దించాక బిగిద్దామనే. దించాక మూడు బిగించాను కూడా. వాటి మీద గీతలు తిరిగిపోయాయి. నాలుగోదాని మీద గీత నిలువుగా చక్కగా ఉంది. చూసి, అది అయిపోయిందనుకున్నాను. గీత ఉంది కదా వదినా! చిన్నప్పటి నుంచి గీత ఉంటే బిగించినట్టే కదా!"

అంతవరకూ అయితే ఆమె క్షమించేదేమో. పొరపాటు ఎవరికైనా వస్తుంది. ఈ బండి పని చేసిన ఆ రోజు పొద్దున వాడు మూడుసార్లు చేతులు కడుక్కుని, కొత్తగా పుట్టిన బిడ్డను చూడటానికి ఇంటికి పరిగెత్తాడని ఆమెకి గుర్తుంది.

"మీ అన్నయ్య తనదే తప్పంటుంటే ఎలా విన్నావురా?"

"అన్నయ్యకి తెలుసు."

ఆమెకి అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"కాలవలో బోల్టు దొరికినప్పుడే తెలిసిపోయింది. రంగు చూశాడు, నన్ను చూశాడు. ఆసుపత్రి మెట్ల మీద కాళ్ళు పట్టుకున్నాను. లేవదీసి, 'నువ్వు నోరు మూసుకో, నీకు చంటిపిల్ల ఉంది, ఇంకా ముప్పై ఏళ్ళు పని చెయ్యాలి. నాకేముంది' అన్నాడు. నీకు కూడా చెప్పొద్దన్నాడు. 'మీ వదిన నోట్లో నువ్వుగింజ నానదు' అన్నాడు."

ఆమెకి నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది, ఎండిపోయిన కుళాయిలోంచి గాలి వచ్చినట్టు. వీధిలో ఆమెను మూగమ్మ అనేవాళ్ళున్నారు. ఇరవై ఆరేళ్ళలో ఆమె మనసు విప్పి మాట్లాడింది ఆ ఒక్క చెవితోనే.

"అబద్ధం. ఆ మాట ఆయన అనడు. నిజం చెప్పు."

మరిది చాలాసేపు బాల్ జాయింట్‌ని చేతిలో తిప్పాడు. "ఆ సాయంత్రం నువ్వు మూడుసార్లు ఫోను చేశావు కదా, పెళ్ళికి ఆలస్యమవుతోందని. రోజూ అయితే రెండు వైపులా అన్నయ్యే దూరి చూసేవాడు. ఆ రోజు నన్నడిగాడు, 'కుడివైపు అయిందా?' అని. అయిందన్నాను. నమ్మి వచ్చేశాడు. అది నీకు తెలిస్తే, నీ తొందర వల్లే ఇలా జరిగిందని నువ్వు తిండి మానేస్తావన్నాడు. నువ్వు తట్టుకోలేవన్నాడు."

ఆమె స్టాండ్ల మీద వేలాడుతున్న బండిని చూసింది. గోనెపట్టా మీద పాత బుష్షు ఒకటి కనబడింది. వేరేచోట ఎవరో గాల్లో ఉండగానే బిగించిన బుష్షు. రబ్బరు మెలితిరిగి, చీలి, లోపలి గొట్టం బయటికి వచ్చేసింది. బరువు దించాకే బిగించాలని తమ్ముడికి మొదటి పాఠంగా చెప్పిన మనిషి. ఆమె బరువు ఆమె మీద పెట్టడానికి మాత్రం ఆయనకి నమ్మకం చాలలేదు. ఏడాది పాటు ఆమెను గాల్లో వేలాడదీసి, "ఎలా మర్చిపోయారండీ" అని రోజూ అడగనిచ్చి, రోజూ నేల చూశాడు. ఆమె తిట్టిన తిట్లన్నీ తనవి కావని తెలిసీ తీసుకున్నాడు. ఇప్పుడు ఆ తిట్లు వెనక్కి తీసుకుందామంటే మనిషి లేడు.

ఈ ఎదురుగా ఉన్నవాడికి మాత్రం అన్నీ తెలుసు. ఆమె చేతి అన్నం తింటూ, ఉప్పు తక్కువైందని జోకులేస్తూ, అన్నీ తెలిసే ఉన్నాడు.

"వెళ్ళి ఆయనకి చెప్పు" అంది, బల్ల వైపు చూపించి.

"వదినా! షెడ్డు మూతపడుతుంది."

"బయట బోర్డు మీద ఎవరి పేరుంది?"

వాడు చేతిలోని బాల్ జాయింట్‌ని పెట్టె పక్కన పెట్టాడు.

"ఆ పేరు మీద బతుకుతూ ఆ పేరునే కొరుక్కు తింటున్నావు. కంచే చేను మేస్తే ఇంక నేనెవరికి చెప్పుకోను? పిండిమర దగ్గర మీ అన్నని చూసి నవ్వుతున్నార్రా. సంచులు కట్టేవాళ్ళు నవ్వుతున్నారు. నీ నోటితో చెప్పు. నేను చెబితే, మొగుణ్ని వెనకేసుకొస్తోందంటారు."

వాడు వెళ్ళాడు. ఆమె అక్కడే నిలబడింది. మాటలు సగమే వినబడ్డాయి కానీ, తోట ఆయన చేతికర్ర నేల మీద పడ్డ చప్పుడు బాగా వినబడింది. వీధిలో ఎవరో పాత ఇనుము కొంటామని అరుచుకుంటూ వెళ్ళారు.

"మరి నా మంచం పక్కన నిలబడి, నా చేతి తప్పే అన్నాడే!" అన్నాడు చివరికి తోట ఆయన. ఆ మాట మరిదితో కాదు, ఆమెతో. "అమ్మా, నేను ఆయన మొహం మీద ఉమ్మినంత పని చేశాను. నా గదిలోంచి పొమ్మన్నాను. మీరు ముట్టిన బండి ఎక్కేవాళ్ళ బతుకు బుగ్గి అన్నాను. ఆయన చేతులు కట్టుకుని అంతా విని వెళ్ళాడు." మోకాలు తడుముకుంటూ, "కాలు విరగడం ఒక ఎత్తు. రెండేళ్ళు తప్పు మనిషి మీద కోపం మోయించారు నా చేత. అది ఇంకో ఎత్తు" అన్నాడు.

మరిది తల వంచుకుని, "బండి వేరేచోటికి పంపించమంటే పంపిస్తానండీ" అన్నాడు.

"ఎక్కడికి పంపిస్తావు, చక్రాలు లేని బండిని? విప్పినవాడివి బిగించు. నేను ఇక్కడే కూర్చుంటా."

సాయంత్రం దాకా పని సాగింది. ఆమె ఇంటికి వెళ్ళలేదు. కొత్త బుష్షులు లోపలికి నొక్కడం, బాల్ జాయింట్లు ఎక్కించడం, షాకబ్సర్లు నిలబెట్టడం అంతా చూసింది. ఎడమవైపు మేస్త్రి పెట్టిన నాలుగు నట్లూ విప్పేటప్పుడు మాత్రం మరిది ఆగి ఆమె వైపు చూశాడు. ఆమె విప్పమంది. అరిగినవి మార్చాల్సిందే, ఎవరు పెట్టినవైనా. పండుమిరప గీతలు పానా కింద విరిగి, పొరలుగా రాలాయి.

బండి నేల మీదికి దిగింది. వాడు పొడుగు పానాతో కిందికి దూరాడు. టక్. టక్. తోట ఆయన కర్ర ఊతంతో వంగి లెక్కపెట్టాడు, ఎనిమిది. వాడు బయటికి చెయ్యి చాచి, అలవాటు కొద్దీ, "వదినా, ఆ సీసా ఇలా అందుకో" అన్నాడు.

అలమరలో మేస్త్రి మిగిల్చిన సీసాలు ఐదారు ఉన్నాయి. ఆమె అన్నీ తీసి ఖాళీ భోజనం డబ్బాలో వేసుకుని మూత పెట్టింది.

"ఇవి మావి. నీ రంగు నువ్వు కొనుక్కో. నీ గీత నీదని తెలియాలి."

వాడు బండి కిందే ఉండిపోయాడు, కాళ్ళు మాత్రం కనబడుతూ. ఆ కాళ్ళు చూసి ఇన్నేళ్ళూ ఆమె ఏమనుకునేదో అది ఆ పూట అనుకోలేకపోయింది. బోల్టు తీసుకెళ్ళి పానాలు తగిలించే చెక్కకి, పొడుగు పానా మేకు పక్కన, తీగతో వేలాడదీసింది. పానా తీసిన ప్రతిసారీ చేతికి తగులుతుంది.

తిరిగి వస్తుంటే పిండిమర ఇంకా తిరుగుతోంది. ఆమె మొహం తిప్పుకోలేదు. లోపలికి వెళ్ళి, తెల్లటి దుమ్ములో నిలబడి, "అన్నా, గోళ్ళరంగు బిగింపంటే ఏంటో తెలుసా? దించి, బిగించి, ఆ తర్వాత రంగు. రేపు మా మరిదిని అడుగు, చెప్తాడు" అంది. మర చప్పుడులో మరవాడికి ఎంత వినబడిందో తెలియదు. బుర్ర ఊపాడు. ఊరి నోట్లో పడ్డ మాట ఒక్క పూటలో బయటికి రాదని ఆమెకీ తెలుసు.

ఇంట్లో గుండీలు నేల మీద అలాగే చెల్లాచెదరుగా ఉన్నాయి. వాటిని దాటుకుని వరండాలోకి వెళ్ళింది. కుర్చీ అక్కడే ఉంది. పక్కన ఆమె పీట, కుడివైపు, ఇరవై ఆరేళ్ళుగా ఉన్నచోటే.

ఆమె పీట ఎత్తి, కుర్చీ చుట్టూ తిరిగి, ఆయన చెవి పోయిన ఎడమవైపు వేసుకుంది. కూర్చుని, ఆయనతో చెప్పాల్సిందంతా అటువైపు నుంచే చెప్పడం మొదలుపెట్టింది.